కాళ్ళ దగ్గర కాస్త చోటు

ఈ వారం ఓ పావుగంట స్కూటర్ల గురించి మాట్లాడమన్నారు నన్ను. నేను మెకానిక్‌ని కాను, బళ్ళ వ్యాపారిని అంతకన్నా కాను. విమానాశ్రయం దగ్గర సరుకుల లెక్కలు రాసుకుంటూ పదహారేళ్ళుగా అరాద్‌లో కాపురం ఉంటున్నవాణ్ణి. కాకపోతే దూరాన కూర్చుని ఊళ్ళో ఇంటికి ఓ ఖరీదైన స్కూటరు కొనిచ్చి చెయ్యి కాల్చుకున్నాను. కాలింది నా చెయ్యే అయితే ఈ మైకు ముందుకి వచ్చేవాణ్ణి కాదు. మణికట్టు బెణికింది మా అమ్మది.

సంగతి ఎలా మొదలైందో చెబుతాను. మా బిల్డింగులో కింద అంతస్తులో ఒక ఫిలిప్పీన్స్ మిత్రుడు ఉండేవాడు. అతని దగ్గర సుజుకీ బర్గ్‌మన్ 400 ఉండేది. స్కూటరంటే స్కూటరే, గేర్లు లేవు, క్లచ్చి లేదు. కానీ పక్కన నిలబడితే చిన్న కారులా ఉంటుంది. 2021 నవంబరులో ఒక రాత్రి, ఎండలు తగ్గి గాలి కాస్త చల్లబడిన రోజుల్లో, "వస్తావా, అలా తిరిగొద్దాం" అన్నాడు. వెనక కూర్చున్నాను. దీపాల వెలుగులో ఉన్న అరాద్ కోట పక్కనుంచి, నీళ్ళ ఒడ్డున నడక దారి వెంబడి, గలాలీ వైపు తీసుకెళ్ళాడు. తల మీదుగా విమానం దిగుతోంది. బండి కుదుపు లేదు, చప్పుడు లేదు. సీటు మా ఇంట్లో సోఫా కన్నా మెత్తగా ఉంది. ఇన్నేళ్ళుగా ఇక్కడ రెండు చక్రాల బండంటే నాకు తెలిసింది ఎర్రటి ఎండలో భోజనాల పెట్టె వెనకేసుకుని పరుగెత్తే కుర్రాళ్ళవే. ఇది వేరే లోకం అనిపించింది.

తిరిగి వచ్చాక నిద్ర పట్టలేదు. ఇంటర్నెట్ ముందు కూర్చున్నాను. ఆ వారం రోజుల్లో నేర్చుకున్నదీ, తరవాత దెబ్బ తిన్నాక నేర్చుకున్నదీ కలిపి చెబుతాను.

ఈ రకం బళ్ళని మాక్సీ స్కూటర్లంటారు. జపానులో హోండా 1986లో తెచ్చిన 250 సీసీ బండితో ఈ వంశం మొదలైందని చెప్పుకోవచ్చు. మన ప్రాంతాల్లో దాని మొహం చూసినవాళ్ళు తక్కువ. 1995లో యమహా మెజెస్టీ, 1998లో సుజుకీ బర్గ్‌మన్ వచ్చాయి. జపానులో ఈ బర్గ్‌మన్‌నే స్కైవేవ్ అనేవారు. 2001లో యమహా 500 సీసీ టీమాక్స్ తెచ్చింది. కార్ల బీఎండబ్ల్యూ వాళ్ళు కూడా 2017 నవంబరులో ఇటలీలో మిలాన్ ప్రదర్శనలో సీ 400 ఎక్స్ అనే 350 సీసీ స్కూటరు చూపించారు. మరుసటేడు దానికి అన్నలాంటి జీటీ వచ్చింది. వాటి సీటు కింద ఒక చమత్కారం ఉంది. బండి నిలిపాక పెట్టె అడుగు కిందికి సాగి హెల్మెట్టు పట్టేంత చోటు వస్తుంది. మళ్ళీ మడిస్తే తప్ప ఇంజను కదలదు. ఆ జీటీని 2021 అక్టోబరులో మన దేశంలో 9 లక్షల 95 వేలకి పెట్టారు, అదీ షోరూము ధర. మా ఊళ్ళో ఆ డబ్బుకి కారొచ్చేస్తుంది కదా అని మా బావమరిది నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు?

అసలు ఈ 300, 400 సీసీ బళ్ళు ఎవరి కోసం పుట్టాయో చూడండి. పెద్ద నగరం చివర ఇల్లు, నడుమ నలభై యాభై కిలోమీటర్ల రహదారి, అటు చివర ఆఫీసు. చెయ్యాల్సింది వేగంగా, వాన తగలకుండా, ఒక్కడూ వెళ్ళి రావడం. అందుకే ముందు పెద్ద అద్దం. కాళ్ళు చాపుకోవడానికి వీలుగా అటూ ఇటూ చోటు. బర్గ్‌మన్ 400లో పదమూడున్నర లీటర్ల ట్యాంకు, సీటు కింద 42 లీటర్ల పెట్టె. బరువు 218 కిలోలు. అంత బరువు మోస్తూ వేగంగా పోవాలంటే చట్రం గట్టిగా ఉండాలి. అంచేత చాలా మాక్సీ స్కూటర్లలో రెండు కాళ్ళ మధ్యా ఒక గట్టు కడతారు. మన కాలవ గట్టు లాంటిదే అనుకోండి, అడ్డంగా కాక నిలువుగా ఉంటుంది. దాని లోపల చట్రం గొట్టాలుంటాయి, కొన్ని బళ్ళలో పెట్రోలు ట్యాంకు కూడా అక్కడే పెడతారు. బరువు కిందికి, నడిమికి వస్తుంది కనక మలుపుల్లో బండి స్థిరంగా ఉంటుంది. ఇంజనీర్లు తప్పు చెయ్యలేదు. ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఇక మన దేశానికి వద్దాం. ఇక్కడ ఇంత పెద్దవి అమ్ముడుపోవు కనక కంపెనీలు వేషం మిగిల్చి ఒళ్ళు తగ్గించాయి. కైనెటిక్ వాళ్ళు 2006లోనే ఇటల్‌జెట్ అనే ఇటలీ కంపెనీ నమూనాలు కొని, 165 సీసీ బ్లేజ్ తెచ్చారు. కాలానికి ముందొచ్చిన చుట్టం. నిలబడలేదు. 2008లో ఆ కంపెనీ ద్విచక్ర వ్యాపారం మహీంద్రా చేతికి వెళ్ళింది. పదేళ్ళ తరవాత, 2018 జులైలో, సుజుకీ బర్గ్‌మన్ స్ట్రీట్ వచ్చింది. పేరు అదే, మొహం అదే, ఇంజను మాత్రం 125 సీసీ, బరువు అరాద్‌లో నేనెక్కినదాంట్లో సగం. 2020 డిసెంబరులో ఏప్రిలియా ఎస్ఎక్స్ఆర్ 160, 2021లో యమహా ఏరాక్స్ 155, 2025 జనవరిలో హీరో జూమ్ 160 వచ్చాయి. వీటిలో బర్గ్‌మన్ స్ట్రీట్ అడుగు చదునుగా ఉంచింది. ఏరాక్స్‌కి, జూమ్ 160కి నడుమ గట్టు ఉంది. ఈ తేడా పత్రికల్లో సమీక్షలు రాసేవాళ్ళు ఒక వాక్యంలో తేల్చేస్తారు. నేనూ ఆ వాక్యం చదివాను. చదివి ముందుకెళ్ళిపోయాను.

మా ఇల్లు అమలాపురం దగ్గర. ఇంట్లో అమ్మ, మా ఆవిడ, మా అమ్మాయి. అమ్మకి మోకాళ్ళు అరిగిపోయాయి. నెలకోసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. పాత స్కూటరు పాడైపోయింది, ఏదో ఒకటి చూడండి అని మా ఆవిడ ఏడాదిగా అంటోంది. "ఏదో ఒకటి ఎందుకు? మంచిదే కొందాం" అన్నాను. 2022 సంక్రాంతికి నూట యాభై పైచిలుకు సీసీ మాక్సీ స్కూటరు ఇంటికి పంపించాను. ఏ కంపెనీదో చెప్పను, చెబితే అన్యాయం, ఎందుకంటే బండిలో లోపమేమీ లేదు. బావమరిది షోరూముకి వెళ్ళాడు, నేను వీడియోలో రంగు ఎంచాను. పూలదండ, నిమ్మకాయలు, కొబ్బరికాయ అన్నీ ఫోనులోనే చూశాను. మా ఆవిడ బండెక్కి ఫొటో దిగింది. రెండు కాళ్ళూ మునివేళ్ళ మీద ఉన్నాయి. ఆ ఫొటో పదిమందికి చూపించాను కానీ ఆ మునివేళ్ళు నాకు కనపడలేదు.

ఫిబ్రవరిలో ఒక రోజు వీడియోలో మాట్లాడుతుంటే అమ్మ ఎడమ చెయ్యి కొంగు కింద పెట్టుకునే ఉంది. కాఫీ గ్లాసు కుడి చేత్తోనే తీసింది, కుడి చేత్తోనే పెట్టింది, కొంగు సర్దుకోవడమూ కుడి చేత్తోనే. "అమ్మా, ఆ చెయ్యి చూపించు" అన్నాను. "ఏం లేదురా అబ్బాయ్, చలికి లాగుతోంది" అంది. మా అమ్మాయి పక్కనుంచి నోరు జారింది. అప్పటికి పడి ఎనిమిది రోజులైంది.

వేగంగా వెళ్ళి పడలేదు. బండి దాదాపు నిలబడే ఉంది. కాలవ గట్టు మీద ఎదురుగా కొబ్బరికాయల ట్రాక్టరు వస్తే, మా ఆవిడ పక్కకి తీసి ఆపి కాలు కింద పెట్టబోయింది. గట్టు వాలుగా ఉంది, కాలు అందలేదు. వెనక అమ్మ చీరతో పక్కవాటుగా కూర్చుని ఉంది, బరువంతా ఒక వైపే. నూట ముప్ఫై కిలోల బండి, ఇద్దరు మనుషులు, నెమ్మదిగా ఒరిగిపోయారు. అంతే. ట్రాక్టరు వాళ్ళే దిగి లేపారట. "మీకెందుకు చెప్పలేదంటే, మీరు ముచ్చటపడి కొన్నారు కదండీ" అంది మా ఆవిడ. ఆ మాట నన్ను పొడిచినట్టు తిట్టు కూడా పొడవదు.

అసలు లెక్క ఆ రాత్రి వేశాను. ఇక్కడ నేనెక్కిన బర్గ్‌మన్ 400 సీటు ఎత్తు 755 మిల్లీమీటర్లు. మన యాక్టివాది దాదాపు 765. ఏరాక్స్‌ది 790. అంటే బండి చిన్నదైతే సీటు కిందికి ఉంటుందని అనుకోకూడదు. పైగా ఎత్తొక్కటే కాదు, వెడల్పు కూడా చూడాలి. సీటు వెడల్పైతే తొడలు దూరం జరుగుతాయి, ఆ మేరకు కాలు పొట్టిదవుతుంది. అయిదడుగుల మనిషికి ఆ అంగుళమే ఒక అడుగు. వెనక సీటు ఇంకా పైన ఉంటుంది, అదే వాటి అందం. ముప్ఫై ఏళ్ళ కుర్రాడు కాలు విసిరి ఎక్కేస్తాడు. మోకాళ్ళు అరిగిన డెబ్భై ఏళ్ళావిడ?

ఒక్క సంగతి మన చట్టం చెప్పిందే. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన ఉంది. వెనక కూర్చునేవాళ్ళకి పట్టుకోవడానికి పిడి ఉండాలి, కాలు పెట్టుకోవడానికి ఆసరా ఉండాలి, బట్టలు చక్రంలో పడకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే అడ్డు ఉండాలి. చీరకట్టుతో పక్కవాటుగా కూర్చునే మనిషిని దృష్టిలో పెట్టుకుని రాసినట్టే ఉంటుంది. కుర్రాళ్ళు బండి అందం చెడుతుందని మొదట పీకేసేది ఆ అడ్డునే. మీ ఊళ్ళో బండికి అది ఉందో లేదో ఈసారి వీడియోలో చూపించమనండి.

ఇప్పుడు కాళ్ళ దగ్గర చోటు సంగతి. స్కూటరు పుట్టుకలోనే ఆ చోటు ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తరవాత, 1946లో, ఇటలీలో పియాజియో కంపెనీ వెస్పా తెచ్చింది. దాన్ని గీసిన కొర్రాదినో దాస్కానియో హెలికాప్టర్ల ఇంజనీరు. మోటారు సైకిళ్ళంటే ఆయనకి గిట్టేది కాదు. కాలు ఎత్తి వెయ్యకుండా, గౌను కట్టుకున్న ఆడమనిషి కూడా కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవాలని, ఇంజన్ని వెనక్కి నెట్టి కాళ్ళ దగ్గర ఖాళీ చేశాడు. లాంబ్రెట్టా వాళ్ళూ అదే దారి పట్టారు. మన వైపుకి ఆ రెండు వంశాలూ వచ్చాయి. బజాజ్ వెస్పా బడిలో చదువుకుంది. లక్నోలో స్కూటర్స్ ఇండియా వాళ్ళు లాంబ్రెట్టా యంత్రాలు తెచ్చుకుని విజయ్ సూపర్ చేశారు. ఆ వంశంలోదే మన హైదరాబాదు ఆల్విన్ పుష్పక్. ఆల్విన్ అంటే ఫ్రిజ్‌లూ, బస్సు బాడీలూ, గడియారాలే గుర్తొస్తాయి చాలామందికి. మా పక్కింటి మాస్టారికి ఆ పుష్పక్ ఉండేది. ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుంటుందని పేరుకి తగ్గట్టు జోకు వేసేవారు.

మా నాన్నగారి స్కూటరు చేతక్. అది మా ఇంటికి వచ్చిన కథ ఇప్పుడు తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది. ఆ రోజుల్లో స్కూటరు కోసం డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసేవారు. అయితే విదేశీ డబ్బులో కడితే వరసలో నిలబడకుండా ఇచ్చే పద్ధతొకటి ఉండేది. మా పెద్ద మావయ్య అప్పట్లో మస్కట్‌లో ఉండేవాడు. ఆయన కట్టాడు, 1983లో బండొచ్చింది. అంటే మా ఇంటి మొదటి స్కూటరు కూడా గల్ఫ్ డబ్బే. మావయ్య రంగు అడగలేదు, రకం అడగలేదు. ఉత్తరంలో ఒకే ఒక్క మాట రాశాడట, "అక్కయ్య ఎక్కగలదో లేదో చూసి తీసుకోండి బావా" అని. అక్కయ్యంటే మా అమ్మే. నలభై ఏళ్ళ తరవాత అదే మనిషి కోసం బండి కొన్న నాకు ఆ ప్రశ్న తోచలేదు.

ఆ చేతక్ కాళ్ళ దగ్గర ఏం పట్టలేదని? ముందు నేను నిలబడేవాణ్ణి, హ్యాండిలు పట్టుకుని, నేనే నడుపుతున్నట్టు. పాతిక కిలోల బియ్యం మూట, కొబ్బరి గెల, పండక్కి అరటి ఆకులు, గ్యాసు బండ. నిండు బండ దాదాపు ముప్ఫై కిలోలుంటుంది, అలా తేవడం ప్రమాదమని ఎవరూ చెప్పలేదు మాకు. మంచిదని నేను చెప్పడం లేదు, పిల్లల్ని ముందు నిలబెట్టడమూ ప్రమాదమే. కానీ మన ఊళ్ళలో స్కూటరు ఎద్దుబండికి చెల్లెలు. ఆఫీసు మనిషి ఒంటరిగా వెళ్ళి రావడానికి పుట్టిన బండిని ఆ పనిలో పెట్టింది నేను. తప్పు బండిది కాదు.

2022 జూన్‌లో సెలవు మీద వెళ్ళాను. మర్నాడు పొద్దున్నే నేనే ఆ స్కూటరు ఎక్కి జాతీయ రహదారి మీద రావులపాలెం వైపు వెళ్ళాను. నిజం చెప్పాలి కదా, అద్భుతంగా ఉంది. మలుపుల్లో తొణకలేదు. పాతిక లీటర్ల పెట్టెలో హెల్మెట్టు పట్టింది. ముందు చక్రానికి ఏబీఎస్ ఉంది. దాని గురించి రెండు ముక్కలు. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బళ్ళకి ఏబీఎస్ ఉండి తీరాలి. గట్టిగా బ్రేకు నొక్కినా చక్రం బిగుసుకుపోకుండా అది కాస్తుంది. 125, అంతకు తక్కువైతే సీబీఎస్ ఉంటే సరిపోతుంది, అంటే ఎడమ చేతి బ్రేకు పట్టుకుంటే రెండు చక్రాలూ కలిసి ఆగుతాయి. రోజూ రహదారి మీద దూరం వెళ్ళే కుర్రాడికైతే, చక్రాలు పద్నాలుగు అంగుళాలుండి ఏబీఎస్ ఉన్న పెద్ద స్కూటరే కొనమని నేనే చెబుతాను. గుంటల్లో పది అంగుళాల చక్రం దిగినట్టు ఇది దిగదు. ఒక్కోసారి గట్టే మంచిది.

ఇంకో చిక్కు ఆ సెలవులోనే బయటపడింది. నాయనమ్మ ఎక్కలేదు, అమ్మ భయపడుతోంది, బండి వసారాలో దుప్పటి కప్పుకుని కూర్చుంది. మా అమ్మాయికి అప్పుడు పదిహేనేళ్ళు. పొడుగరి, కాళ్ళు బాగా అందుతాయి. "నాన్నా, ట్యూషనుకి నేను వేసుకెళ్తా" అంది. ఊళ్ళో అందరి పిల్లలూ వేసుకెళ్తున్నారు, అదీ నిజమే. కానీ 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 199ఎ సెక్షను పెట్టారు. మైనరు బండి నడుపుతూ నేరం చేస్తే తల్లిదండ్రులకో బండి యజమానికో పాతిక వేల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు. బండి రిజిస్ట్రేషను ఏడాది రద్దు. ఆ పిల్లకి పాతికేళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. పదహారేళ్ళకి లైసెన్సు ఇస్తారు కదా అంటారు, అది యాభై సీసీ లోపు, గేర్లు లేని బండికి. గల్ఫ్‌లో తండ్రి, పేరు తండ్రిది, తాళం వసారాలో మేకుకి. నాలాంటి ఇళ్ళు ఎన్నో ఉన్నాయని తెలుసు, అందుకే సెక్షను నంబరుతో సహా చెబుతున్నాను. అమ్మాయి మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

నాలుగో రోజు ముగ్గుర్నీ తీసుకుని అమలాపురం వెళ్ళాను. కొన్న అయిదు నెలలకే బండి మార్పిడికి పెడితే ఎంత పోతుందో అంతా పోయింది, ఆ అంకె చెప్పి మిమ్మల్ని బాధపెట్టను. ఈసారి నేను షోరూము కుర్చీలో కూర్చున్నాను. ఎంచింది మా ఆవిడ. ఆవిడ సీసీలూ అడగలేదు, మైలేజీ చివర్లో అడిగింది. వరసగా నాలుగు బళ్ళు ఎక్కి, రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆన్చి చూసింది. తరవాత అత్తగార్ని వెనక కూర్చోబెట్టి, నన్ను పక్కన నిలబెట్టి, బండిని స్టాండు మీదనుంచి దింపింది. అటు ఒకసారి, ఇటు ఒకసారి వాల్చింది. చివరికి షోరూము కుర్రాణ్ణి పిలిచి, "బాబూ, ఆ నీళ్ళ క్యాను ఒకసారి ఇటివ్వు" అని ఇరవై లీటర్ల క్యాను కాళ్ళ మధ్య పెట్టుకుని హ్యాండిలు తిప్పింది. మోకాలికి తగిలింది. ఆ బండి వద్దంది. పక్కదానికి తగల్లేదు. అదే తీసుకున్నాం, మామూలు 125 సీసీ, చదును అడుగు. అమ్మ ఇంటికి దానిమీదే వచ్చింది, నేను ఆటోలో.

ఇప్పుడు కొనాలనుకునేవాళ్ళకి ఒక మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా ఉన్న బళ్ళ మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది, ఆపైన ఉన్నవాటికి 40 అయింది. మధ్యరకం స్కూటర్లు చాలావరకు ఈ గీతకి ఇవతలే ఉంటాయి. షోరూము వాడు పాత ధర చెబితే అడగండి. సమీక్షలూ చదవండి, కానీ నీళ్ళ క్యాను పరీక్ష సమీక్షల్లో ఉండదు.

నా ఫిలిప్పీన్స్ మిత్రుడు కిందటేడు దేశం వెళ్ళిపోతూ తన బర్గ్‌మన్ అమ్మకానికి పెట్టాడు. మొదట నన్నే అడిగాడు. ఆ రాత్రి కోట దగ్గర దాకా ఒంటరిగా నడిచి వెళ్ళి వచ్చాను. ఇక్కడ నేనొక్కణ్ణే, నాకు ఏ మూటా లేదు, వెనక ఎవరూ ఎక్కరు, నా కాళ్ళు అందుతాయి. అన్ని లెక్కలూ కుదిరాయి. ఇంటికి ఫోను చేసి మా ఆవిడని అడిగాను. "మీకు ఇక్కడి మోటారు సైకిలు లైసెన్సు ఉందా?" అంది. లేదు. ఇప్పుడు దాని కోసం తరగతులకి వెళ్తున్నాను, పోయిన శుక్రవారం రెండోది అయింది. బండి మాత్రం ఈలోగా హిద్‌లో ఎవరో కొనుక్కున్నారు.